హెడ్డు పోయిందంటే వెంటనే నమ్మకండి: వీసీఆర్ రిపేరు చుట్టూ అపోహలు, వాస్తవాలు

అటక మీంచి దింపిన వీసీఆర్‌తో (వీడియో క్యాసెట్లు ఆడించే పెట్టెతో) పాటు దాని గురించి సగం సగం తెలిసిన మాటలు కూడా నా రిపేరు బల్ల మీదికి వస్తాయి. "హెడ్డు పోయిందట అన్నా", "క్యాసెట్ నమిలేస్తోంది భాయ్", "కొబ్బరి నూనె రెండు చుక్కలు వేస్తే సరిపోతుందన్నారు సార్". సినిమాలు చూడ్డానికి వీసీఆర్ బాగుచేయించుకునేవాళ్లు ఇప్పుడు దాదాపు లేరు. 1990ల్లో తీయించిన పెళ్లి క్యాసెట్టో, తాతగారి షష్టిపూర్తో చూసుకోవాలని వస్తారు. చనిపోయిన మనిషి గొంతు ఒక్కసారి వినాలని వచ్చేవాళ్లూ ఉన్నారు. అందుకే నాకు మెషీను కన్నా అందులో పెట్టబోయే క్యాసెట్ ముఖ్యం. మెషీను పాడైతే హైదరాబాద్‌లో పాత సామాన్లమ్మే జుమ్మేరాత్ బజార్‌లో వెతుక్కుంటే ఇంకోటి దొరుకుతుంది, పెళ్లి క్యాసెట్ దొరకదు. కింద రాసేదంతా ఆ లెక్కలోనే చదవండి.

అపోహ: తెర నిండా చుక్కలు వస్తున్నాయంటే హెడ్డు పోయినట్టే.

చాలాసార్లు హెడ్డు (రీలు మీది బొమ్మను చదివే చిన్న భాగం) పోదు, మూసుకుపోతుంది. వీహెచ్ఎస్ (ఇళ్లలో ఉండే మామూలు క్యాసెట్ల రకం) మెషీనులో రీలు చుట్టుకునే గుండ్రటి డ్రమ్ము వ్యాసం 62 మిల్లీమీటర్లు. మన దగ్గరి వీసీఆర్లు వాడే పాల్ అనే టీవీ పద్ధతిలో అది నిమిషానికి 1500 చుట్లు తిరుగుతుంది. దాని అంచున ఎదురెదురుగా ఉండే రెండు హెడ్ల మొనల్లో ఒక సందు ఉంటుంది. అది మిల్లీమీటరులో వెయ్యో వంతు కన్నా సన్నం. పాత రీలు నుంచి రాలిన పొడి అక్కడ రవ్వంత పట్టినా బొమ్మ మాయమవుతుంది.

ఇంట్లోనే తేల్చుకునే మార్గం ఒకటుంది. బొమ్మ లేకపోయినా మాట స్పష్టంగా వినిపిస్తోందా? అయితే రీలు సరిగ్గానే నడుస్తోంది, హెడ్లకు మురికి పట్టింది. మామూలు ధ్వని రీలు పై అంచున ఉంటుంది, దాన్ని చదివేది డ్రమ్ము పక్కన కదలకుండా ఉండే వేరే హెడ్డు. ధ్వని మెరుగ్గా ఇచ్చే హైఫై సెట్లలో మాత్రం ధ్వని కూడా డ్రమ్ము నుంచే వస్తుంది కాబట్టి ముందు 'నార్మల్' ఆడియోకి మార్చి వినాలి. మాట కూడా సాగుతూ వణుకుతూ ఉంటే గొడవ హెడ్డుది కాదు, రీలును నడిపే భాగాలది. నిజంగా అరిగిపోయిన హెడ్డు అయితే శుభ్రంగా తుడిచాక కూడా తెల్లటి అక్షరాల పక్కన నల్లటి తోకలు లాగుతూనే ఉంటాయి. అప్పుడు డ్రమ్ము మార్చడం గురించి మాట్లాడుకోవచ్చు.

తుడిచే పద్ధతి చెబుతాను, ఎక్కువమంది చెయ్యి పెట్టి పాడుచేసేది ఇక్కడే. ప్లగ్గు తీసేయండి. మందపాటి బాండ్ పేపర్ని వేలెడు వెడల్పున కత్తిరించి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడపండి. కోఠి గుజరాతీ గల్లీలో ఎలక్ట్రానిక్ సామాన్లమ్మే షాపుల్లో ఐపీఏ అని అడిగితే ఇస్తారు. తడి పేపర్ని డ్రమ్ము పక్కకు ఆనించీ ఆనించనట్టు పట్టుకోండి. ఇంకో చేతి వేలితో డ్రమ్ము నెత్తిన పట్టి, నెమ్మదిగా తిప్పండి. పేపర్ కదలకూడదు, డ్రమ్మే తిరగాలి. పేపర్ మీద నల్లటి గీత పడుతుంది. పేపర్ మార్చి, ఆ గీత పడటం ఆగేదాకా తిప్పండి. ఒక్కసారి పైకీ కిందికీ రుద్దినా హెడ్డు మొన విరుగుతుంది, అది గోరు అంచు కన్నా చిన్న ఫెరైట్ ముక్క. చెవులు తుడుచుకునే దూది పుల్లలు అసలు వద్దు, దూది పోగు మొనకు చిక్కుకుంటుంది. కరోనా తర్వాత ప్రతి ఇంట్లో ఉన్న శానిటైజర్ కూడా పనికిరాదు. అందులో నీళ్లుంటాయి, చాలావాటిలో చేతులు ఎండిపోకుండా గ్లిజరిన్ కూడా కలుపుతారు, అది డ్రమ్ముకు జిడ్డుగా అంటుకుంటుంది.

అపోహ: హెడ్ క్లీనర్ క్యాసెట్ వేస్తే ఇదంతా అక్కర్లేదు.

పొడిగా వాడేవి హెడ్డును గీకేస్తాయి. తడివి కొంత నయం. కానీ లోపలి రబ్బర్లు సరిగ్గా లేని మెషీనులో వేస్తే ఆ క్లీనర్ క్యాసెట్టే ఇరుక్కుంటుంది.

అపోహ: రీలు నమిలేస్తోందంటే క్యాసెట్ పాతబడిందని అర్థం.

నిజానికి మెషీను నమలదు, మింగలేకపోతుంది. డ్రమ్ము చుట్టూ తిరిగి వచ్చిన రీలును క్యాసెట్‌లోని కుడిపక్క చక్రం వెంటనే చుట్టుకోవాలి. ఆ చక్రాన్ని చాలా సెట్లలో ఐడ్లర్ అనే చిన్న రబ్బరు చక్రం తిప్పుతుంది. ముప్ఫై ఏళ్లకు ఆ రబ్బరు గట్టిపడి, అద్దంలా నున్నబడి జారుతుంది. రీలు వస్తూనే ఉంటుంది, చుట్టుకునేవాడు ఉండడు. లోపల ఉచ్చులా వేలాడుతుంది. మీరు ఎజెక్ట్ నొక్కితే క్యాసెట్ మూత ఆ ఉచ్చు మీద పడి మూసుకుంటుంది, అంతే సంగతులు. ప్లే నొక్కిన కొన్ని సెకన్లకే మెషీను తనంతట తాను ఆగిపోతోందా? చక్రం తిరగట్లేదని సెన్సర్ గమనించి ఆపుతోందన్నమాట. అది మీ క్యాసెట్‌ను కాపాడుతోంది, మళ్లీ మళ్లీ ప్లే నొక్కకండి.

ఐడ్లర్ రబ్బరుకు సరిపడే కొలత ఓ-రింగు (గుండ్రటి రబ్బరు వలయం) చాలాసార్లు పనిచేస్తుంది. రాణిగంజ్‌లో ఆయిల్ సీళ్లు, ఓ-రింగులు అమ్మే షాపులకు పాత రబ్బరు పట్టుకెళ్లి కొలిచి తెచ్చుకుంటాను. పించ్ రోలర్ విషయంలో మాత్రం ఈ తెలివితేటలు పనికిరావు. రీలును లోహపు కడ్డీకి నొక్కిపట్టి లాగేది అదే. గరుకు కాగితంతో రుద్దితే పట్టు వస్తుందని కొందరు రుద్దేస్తారు. పట్టు వస్తుంది, దాంతో పాటు రోలర్ వంకర కూడా అవుతుంది. రోలర్ ఒక్క వైపు అరిగినా రీలు పైకో కిందికో పాకి అంచు మడతపడుతుంది. పై అంచున ధ్వని ఉంటుందని చెప్పాను కదా, కింది అంచున కంట్రోల్ ట్రాక్ ఉంటుంది. బొమ్మ ఎక్కడ మొదలవుతుందో మెషీనుకు చెప్పేది ఆ ట్రాకే. అది మడతపడితే ఆ ముక్క వచ్చినప్పుడల్లా బొమ్మ ఎగురుతుంది, తర్వాత ఎంత మంచి మెషీనులో వేసినా అంతే.

అపోహ: ఇరుక్కున్న క్యాసెట్‌ను స్క్రూడ్రైవర్‌తో లాగేయొచ్చు.

లాగితే క్యాసెట్ బయటికి వస్తుంది, రీలు డ్రమ్ముకు చుట్టుకుని లోపలే ఉంటుంది. ప్లగ్గు తీసి పైమూత విప్పండి. లోడింగ్ మోటారును, లేదా దాని నుంచి వెళ్లే మరచుట్ల ఇరుసును వెతికి వేలితో తిప్పండి. చాలాసేపు తిప్పాలి, ఓపిక ఉండాలి. ముందు రీలును పట్టుకున్న రెండు గైడ్లు డ్రమ్ము దగ్గర్నుంచి వెనక్కి జరుగుతాయి. క్యాసెట్ పెట్టె పైకి లేవకముందే ఆపి, కుడిపక్క చక్రాన్ని తిప్పి వేలాడుతున్న రీలు మొత్తం లోపలికి చుట్టండి. ఆ తర్వాతే మిగతా తిప్పుడు.

సినిమా మధ్యలో కరెంటు పోయి ఇరుక్కుంటే ఇంతదూరం రానక్కర్లేదు. కరెంటు వచ్చాక చాలా సెట్లు వాటంతట అవే సర్దుకుంటాయి.

అపోహ: బిగుసుకుపోతే నూనె వేయాలి.

మూత తీయగానే కొబ్బరి నూనె వాసన కొట్టిన డెక్కులు నేను చూశాను. నూనె బెల్టు మీదికి పాకితే బెల్టు జారుతుంది, పించ్ రోలర్ మీదికి పాకితే రీలుకు అంటుకుంటుంది. కుట్టుమిషన్ నూనె చిమ్మినా ఇదే కథ. బిగుసుకోవడానికి కారణం గ్రీజు లేకపోవడం కాదు, ఉన్న గ్రీజు జిగురుగా మారడం. దాన్ని పూర్తిగా తుడిచేసి, ప్లాస్టిక్ గేర్లకు పడే తెల్ల గ్రీజు కొద్దిగా రాయాలి. అయినా మెషీను పిచ్చి పిచ్చిగా చేస్తుంటే, అంటే పెట్టిన క్యాసెట్‌ను వెంటనే ఉమ్మేయడం, సగంలో ఆగిపోవడం లాంటివి, అందరూ ఐసీ (లోపలి చిప్పు) పోయిందంటారు. నేను మాత్రం ముందు మోడ్ స్విచ్ విప్పి తుడుస్తాను. గేర్లు ఏ స్థితిలో ఉన్నాయో మెషీను మెదడుకు చెప్పే చిన్న స్విచ్ అది. దాని కాంటాక్టులు నల్లబడితే తప్పుడు కబురు వెళ్తుంది.

ఇంకో సంగతి. మూత తీసి బల్లమీది లైటు కిందో, కిటికీ ఎండలోనో పెట్టి పరీక్షిస్తే బాగున్న మెషీను కూడా మొరాయిస్తుంది. రీలు చివర ఉండే పారదర్శకమైన ముక్కను పట్టుకోవడానికి లోపల ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్లు ఉంటాయి. బయటి వెలుతురు వాటిమీద పడితే రీలు అయిపోయిందనుకుని ఆగిపోతుంది. లేని రోగానికి మందు వేయకండి.

అపోహ: నిన్నటిదాకా లైటు వెలిగింది, ప్లగ్గు తీసి మళ్లీ పెడితే చచ్చిపోయింది. ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది.

నాకు బాగా ఇష్టమైన కేసు ఇది. చాలా సెట్లలో పవర్ సప్లై మొదట ఊపందుకోవడానికి ఒక చిన్న ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ (కరెంటును కాసేపు నిల్వ ఉంచే భాగం) కావాలి. ఒకసారి మొదలయ్యాక దాని అవసరం అంతగా ఉండదు. వేడిని లాగే హీట్‌సింక్ పక్కనే ఉండి ఏళ్ల తరబడి ఎండిపోయినా, ప్లగ్గు తీయనంతకాలం ఎవరికీ తెలియదు. ఇల్లు మారినప్పుడో, సున్నం వేయించినప్పుడో ప్లగ్గు తీస్తారు, అంతే, మళ్లీ లేవదు. దాని ఖరీదు కొన్ని రూపాయలు. దీనికి బోర్డు మొత్తం మార్చాలన్న మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. కానీ ఈ పని ఇంట్లో చేయకండి. 230 వోల్టుల కరెంటు డీసీగా మారాక పెద్ద కెపాసిటర్‌లో దాదాపు 325 వోల్టులు నిలుస్తాయి, ప్లగ్గు తీసిన తర్వాత కూడా కాసేపు ఉంటాయి. అమెరికా నుంచి చుట్టాలు తెచ్చిన 110 వోల్టుల సెట్టును నేరుగా మన గోడకు గుచ్చితే మాత్రం నిజంగానే కాలిపోతుంది.

అపోహ: అమెరికా క్యాసెట్ మన వీసీఆర్‌లో ఆడట్లేదంటే క్యాసెట్ చెడిపోయింది.

హైదరాబాద్‌లో ఈ క్యాసెట్లు లేని వీధి లేదు. మనవడి మొదటి పుట్టినరోజు న్యూజెర్సీలో తీశారు, ఇక్కడ వేస్తే బొమ్మ పరుగులు పెడుతుంది, రంగు ఉండదు. అక్కడిది ఎన్‌టీఎస్‌సీ పద్ధతి. రీలు సెకనుకు 33.35 మిల్లీమీటర్లు కదలాలి, మన పాల్‌లో 23.39 మిల్లీమీటర్లే. డ్రమ్ము వేగం కూడా వేరు. రీలు, డబ్బా మాత్రం ఒక్కటే. అందుకే అక్కడ 120 నిమిషాలు పట్టే టీ-120 ఖాళీ క్యాసెట్‌లో మన దగ్గర దాదాపు 3 గంటలు రికార్డు చేసుకునేవాళ్లం. రెండు పద్ధతులూ ఆడే సెట్టులో వేస్తే ఆ పుట్టినరోజు బాగానే వస్తుంది.

అపోహ: కొత్త టీవీలో నీలం తెర వస్తోంది కాబట్టి వీసీఆర్‌ది తప్పు.

పాత డబ్బా టీవీ వణికే బొమ్మను కూడా ఎలాగో చూపించేది. ఫ్లాట్ టీవీలు సంకేతం కొంచెం తడబడితే చాలు, సిగ్నల్ లేదనేస్తాయి. పాత టీవీ ఉన్న ఇంట్లో ఒకసారి పెట్టి చూశాకే నా దగ్గరికి తీసుకురండి.

అపోహ: బొమ్మ పైనా కిందా గీతలుంటే గైడ్ల మీద స్క్రూ తిప్పి సరిచేసుకోవచ్చు.

వద్దు. పాల్‌లో బొమ్మ ట్రాకు వెడల్పు 49 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు. గైడ్లను, సంకేతాన్ని గీతగా చూపే ఆసిలోస్కోపు మీద చూస్తూ, కచ్చితంగా రికార్డు చేసిన క్యాసెట్ పెట్టి సరిచేస్తారు. ముందు ఇంకో క్యాసెట్ వేసి చూడండి. అది బాగుంటే మెషీను బాగున్నట్టే. ఆ మొదటి క్యాసెట్‌ను గైడ్లు తప్పిన మెషీనులో రికార్డు చేసి ఉంటారు.

అపోహ: రీలు మీద తెల్లటి పొడి దుమ్మే, ఆడిస్తే రాలిపోతుంది.

క్యాసెట్ కిటికీలోంచి చూడండి. చుట్టిన రీలు మీద తెల్లగా, నూగులా, మచ్చలు మచ్చలుగా ఉంటే అది బూజు. మన వానాకాలానికి గోడ బీరువాలో పెట్టిన క్యాసెట్లకు బాగా పడుతుంది. దాన్ని ఆడిస్తే బూజు హెడ్లకు, గైడ్లకు అంటుకుని, తర్వాత వేసిన ప్రతి క్యాసెట్‌కూ పాకుతుంది. అలాంటిదాన్ని మిగతావాటి నుంచి వేరుచేసి కవరులో పెట్టండి. ఎండలో ఆరబెట్టకండి, రీలు వంకర్లు పోతుంది. శుభ్రం చేసేటప్పుడు ముక్కుకు మాస్కు తప్పనిసరి.

అపోహ: పాత క్యాసెట్‌ను హెచ్‌డీ చేసి ఇస్తారు.

వీహెచ్ఎస్‌లో అడ్డంగా ఉండే స్పష్టత దాదాపు 240 గీతలు. లేనిది ఎవరూ తేలేరు. సాఫ్ట్‌వేర్‌తో మెరుగులు దిద్దిన కాపీలో మొహాలు మైనం బొమ్మల్లా కనిపిస్తాయి, నాకైతే నచ్చదు. ముందు ఉన్నది ఉన్నట్టుగా కాపీ తీయించుకుని అది దాచుకోండి, సోకులు తర్వాత.

చివరగా, సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లకు. వీసీఆర్లు తయారుచేస్తూ మిగిలిన జపాన్ కంపెనీ ఫునాయ్ కూడా 2016లో ఆపేసింది. జుమ్మేరాత్ బజార్‌లో గానీ, ఎర్రగడ్డ ఆదివారం సంతలో గానీ దొరికేవన్నీ పాతవే. ఎంత పాతదైతే అంత గట్టిదని కూడా అనుకోకండి. లోహపు చట్రం ఉన్న 1980ల సెట్లు బరువుగా, బలంగా ఉంటాయి నిజమే, కానీ వాటి రబ్బర్లూ కెపాసిటర్లూ అంతే ముసలివి. మూత తీయనిస్తే పించ్ రోలర్ చూడండి, నున్నగా మెరుస్తుంటే మార్చాల్సిందే. డ్రమ్ము పైనుంచి వేలితో తిప్పితే చప్పుడు లేకుండా తిరగాలి. గడియారం కోసం పెట్టిన చిన్న బ్యాటరీ బోర్డు మీద కారి పచ్చగా చిలుము పట్టిందేమో గమనించండి. పరీక్షకు మీ పెళ్లి క్యాసెట్ పట్టుకెళ్లకండి, పోయినా బాధలేని సినిమా క్యాసెట్ తీసుకెళ్లండి. రిమోట్ అడగండి. చివర్లో వచ్చిన కొన్ని సెట్లకు మెనూ రిమోట్‌లోనే ఉంటుంది, అది లేకపోతే ధర సగానికి బేరమాడండి.