పంపు ఎక్కడ విప్పాలి?

సాలూరు ఘాట్ ఎక్కి సుంకి దాటితే, తెలుగు, ఒడియా ఒకే నోట వినిపించే ఊళ్లు మొదలవుతాయి. పొట్టంగి, సెమిలిగుడ, సునాబెడ, ఆ పైన కొరాపుట్. మేం సెమిలిగుడలో ఉండేవాళ్లం. మావయ్య సాలూరు లారీ నడిపేవాడు. నా చిన్నప్పుడు ఒకసారి ఆయన బండి ఘాట్ మధ్యలో ఆగిపోయింది. క్లీనర్‌తో కలిసి డీజిల్ ఫిల్టర్ మార్చాడు, పైపుల్లో గాలి తీశాడు. అయినా స్టార్ట్ కాలేదు. లోపం డీజిల్ పంపులో ఉందని ఆయనకు అర్థమైంది.

"పానాలు ఉన్నాయి కదా మావయ్యా, విప్పి చూడు" అన్నాను.

"విప్పడం వచ్చురా. ఇక్కడ విప్పకూడదు. దుమ్ము పడిందంటే పంపు మొత్తానికే పోతుంది. మళ్లీ క్యాలిబ్రేషన్ చెయ్యడానికి, అంటే డీజిల్ కొలత సరిచూడ్డానికి, టెస్ట్ బెంచి ఏదీ?"

పంపును ఉన్నది ఉన్నట్టు దింపి సాలూరు పంపాడు. అక్కడి నుంచి బాగున్న పంపు ఒకటి వచ్చింది. దాన్ని బిగించి చీకటి పడేలోపు బండి కదిలించాడు. పాత పంపు తర్వాత నిదానంగా బాగయింది.

వైమానిక దళాలు మరమ్మతు పనిని మెట్లు మెట్లుగా ఎందుకు పంచుకుంటాయో నాకు ఆ రోజు గుర్తొస్తేనే బాగా అర్థమవుతుంది. మొదటి మెట్టు స్క్వాడ్రన్, అంటే విమానాలను నడిపే దళం. విమానం ఎగరడానికి ముందు, దిగిన తర్వాత చూడాల్సినవి చూడటం, ఇంధనం నింపడం, టైరు మార్చడం, పాడైన పెట్టెను తీసి మంచిది పెట్టడం వాళ్ల పని. ఆ 'పెట్టె' అన్న ఆలోచనలోనే చాలా తెలివి ఉంది. రాడార్‌లోనో ఇంధన వ్యవస్థలోనో ఒక్కో భాగాన్ని, రన్‌వే పక్కనే నిమిషాల్లో ఊడదీసి మార్చేలా డిజైన్ చేస్తారు. పెట్టె లోపలి ఎలక్ట్రానిక్ కార్డులను మార్చేది మాత్రం రెండో మెట్టు, అంటే బేస్ (వైమానిక స్థావరం)లోని మరమ్మతు షాపు. ఆ పైన బేస్ రిపేర్ డిపోలు, కర్మాగారాలు. నాసిక్ దగ్గర ఓఝర్‌లోని 11వ బేస్ రిపేర్ డిపోలో మిగ్-29 లాంటి యుద్ధ విమానాలను పూర్తిగా విప్పి, పగుళ్లు వెతికి, తిరిగి కడతారు. ఈ డిపోలన్నిటినీ నడిపించే మెయింటెనెన్స్ కమాండ్ నాగపూర్‌లో ఉంది.

ఇంజిన్ల విషయానికొస్తే ఆ చివరి మెట్టు మా సునాబెడే. 1960ల్లో మిగ్-21 తయారీ మన దేశానికి వచ్చినప్పుడు హిందుస్థాన్ ఏరోనాటిక్స్‌లో పనిని మూడు చోట్లకు పంచారు. విమాన దేహం నాసిక్‌కు, ఎలక్ట్రానిక్స్ హైదరాబాద్‌కు, ఇంజిన్ కొరాపుట్‌కు, అంటే మా సునాబెడలోని కర్మాగారానికి. ఇప్పుడు సుఖోయ్-30 ఇంజిన్ ఏఎల్-31ఎఫ్‌పీ తయారీ, ఓవర్‌హాల్ (పూర్తిగా విప్పి బాగుచేసి తిరిగి కట్టడం) రెండూ ఇక్కడే. 2024 సెప్టెంబరులో రక్షణ శాఖ ఇలాంటి 240 ఇంజిన్లకు 26,000 కోట్ల రూపాయలకు పైగా విలువైన ఒప్పందం చేసుకుంది. ఆ ఇంజిన్లతో ఎగిరే విమానాలు మాత్రం ఎక్కడో తేజ్‌పూర్‌లో, తంజావూరులో ఉంటాయి.

అంత దూరంలో ఉన్న ఇంజిన్ ఆరోగ్యాన్ని స్క్వాడ్రన్ వాళ్లు విప్పకుండానే కనిపెడతారు. బోరోస్కోప్ అనే సన్నటి కెమెరా గొట్టాన్ని లోపలికి పంపి బ్లేడ్ల అంచులు చూస్తారు. నూనె శాంపిల్ తీసి అందులో ఏ లోహపు రేణువులు ఎన్ని ఉన్నాయో పరీక్షిస్తారు. ఇనుము పెరుగుతూ పోతుంటే ఏదో బేరింగో గేరో అరుగుతోందని అనుమానం. అప్పుడు ఇంజిన్‌ను దింపి, ఇంకొకటి ఎక్కిస్తారు. ఏది విప్పకూడదో తెలియడం చిన్న చదువు కాదు. మొదటి మెట్టు వాళ్లను 'పైపై పని' చేసేవాళ్లని ఎవరైనా అంటే నాకు బాధేస్తుంది.

మరి ఏ పని ఏ మెట్టుకివ్వాలి? ఆ పని ఎంత తరచుగా వస్తుంది, దానికి కావలసిన పరికరం ఎంత ఖరీదు, డిపో ఎంత దూరం అన్నవి కలిపి లెక్కవేస్తారు. కోట్ల ఖరీదు చేసే టెస్ట్ బెంచిని ప్రతి బేస్‌లో పెడితే అది రోజులో ఎక్కువసేపు ఖాళీగా ఉంటుంది. ఒక్కచోటే పెడితే బెంచికి పని దొరుకుతుంది, కానీ వస్తువు దారిలోనే కాలం గడుపుతుంది. ఆ దారి ఖర్చును కొలవడానికి ఒక అందమైన సూత్రం ఉంది. జాన్ లిటిల్ అనే అమెరికా పరిశోధకుడు 1961లో దాన్ని రుజువు చేశాడు. మరమ్మతు చక్రంలో ఎప్పుడూ ఉండే వస్తువుల సంఖ్య, నెలకు వచ్చే వస్తువులను ఒక్కోటి తిరిగి రావడానికి పట్టే నెలలతో గుణిస్తే వస్తుంది. ఉదాహరణకు నెలకు 10 పంపులు పాడై, ఒక్కోటి తిరిగి రావడానికి 3 నెలలు పడితే, సగటున 30 పంపులు ఎప్పుడూ విమానానికి దూరంగానే ఉంటాయి. విమానాలు ఆగకూడదంటే కనీసం ఆ 30 పంపులూ అదనంగా కొనాలి. అదే సమయాన్ని నెలన్నరకు తగ్గిస్తే 15 చాలు. ఒక్క పనిముట్టూ మార్చకుండా, లారీ ఆలస్యం, కాగితాల ఆలస్యం తగ్గిస్తే చాలు, 15 పంపుల డబ్బు మిగులుతుంది.

బేస్‌లలో ఎన్ని విడి భాగాలు ఉంచాలి, డిపోలో ఎన్ని ఉంచాలి అన్న లెక్కను 1968లో క్రెయిగ్ షెర్‌బ్రూక్ అనే పరిశోధకుడు అమెరికా వైమానిక దళం కోసం కట్టాడు. ఒక్కో గోదామును విడిగా చూడకుండా అన్ని మెట్లనూ ఒకే లెక్కలోకి తెచ్చాడు.

కాగితం మీది లెక్కకు అంత తేలిగ్గా లొంగని చిక్కు ఒకటుంది. స్క్వాడ్రన్‌లో పాడైందని తీసిన పెట్టె డిపోలో పరీక్షిస్తే బాగానే పనిచేస్తుంది. ఆకాశంలోని చలిలో, అదురులో మాత్రమే వదులయ్యే తీగ బెంచి మీద ఎలా దొరుకుతుంది? పెట్టె 'బాగుంది' అన్న చీటీతో తిరిగొస్తుంది, మళ్లీ మొరాయిస్తుంది. పైలట్ ఏ ఎత్తులో, ఏం చేస్తుండగా లోపం కనిపించిందో మొదటి మెట్టు వాళ్లు శ్రద్ధగా రాస్తే సగం తిప్పలు తప్పుతాయి.

1990ల్లో అమెరికా వైమానిక దళం చాలా పరికరాలకు మధ్య మెట్టును ఎత్తేసే ప్రయత్నం చేసింది. పెట్టెలను వేగంగా రవాణా చేయగలిగితే బేస్ షాపు ఎందుకన్నది వాళ్ల ఆలోచన. వాళ్ల నౌకాదళం మాత్రం విమాన వాహక నౌకల్లో మధ్య మెట్టు షాపును ఉంచుకుంది. సముద్రం మధ్యలోకి కొరియర్ రోజూ రాదు. నా మటుకు, కొండ దారుల్లో పెరిగినవాణ్ని కాబట్టి, నౌకాదళం పద్ధతే మనసుకు నచ్చుతుంది. దారి మూసుకుపోయే రోజును లెక్కలో కలపకపోతే అది సగం లెక్కే.

ఇంజిన్ ఏ మెట్టుకు వెళ్లినా దాని లాగ్‌బుక్ వెంట వెళ్లాల్సిందే. ఎన్ని గంటలు తిరిగింది, ఎవరు ఎప్పుడు ఏం మార్చారు, అన్నీ అందులో ఉంటాయి. ఓవర్‌హాల్ అయ్యి, టెస్ట్ బెడ్ (ఇంజిన్‌ను బిగించి నడిపి చూసే చోటు) మీద పాసైన ఇంజిన్‌కు 'ఓవర్‌హాల్ తర్వాత గంటలు' అన్న గడిలో సున్నా పడుతుంది. దాని పక్కనే పుట్టినప్పటి నుంచి తిరిగిన మొత్తం గంటల అంకె చెరగకుండా అలాగే ఉంటుంది. అక్కడ స్క్వాడ్రన్‌లో ఇంజిన్‌ను అందుకునే టెక్నీషియన్ ఆ రెండు అంకెలూ చదివాకే పానా పట్టుకుంటాడు.