‘అప్‌డేట్ కొట్టకండి’ అనే మాట ఎక్కడి నుంచి వచ్చింది

2025 ఆగస్టులో ఒక ఆదివారం ఒడిశా సరిహద్దులోని పర్లాకిమిడి నుంచి మావయ్య ఫోన్ చేశాడు, అత్త ఫోన్‌లోంచి. “ఏట్రా ఇది, నా ఫోను మోగుతోంది గానీ ఎత్తడం అవ్వట్లేదు. పైకి తోస్తే కదల్దు, కిందకి లాగితే కదల్దు” అన్నాడు. ముందురోజు రాత్రి వరకూ బాగానే ఉందట. బస్టాండ్ దగ్గర రిపేరు షాపు కుర్రాడికి చూపిస్తే, “అప్‌డేట్ కొట్టేసుంటారు తాతా, కొట్టొద్దని చెప్పాను కదా” అన్నాడట. మావయ్య బాధంతా అక్కడే. తను ఏమీ కొట్టలేదని ఎంత మొత్తుకున్నా ఎవరూ నమ్మట్లేదు.

ఆయన చెప్పింది నిజం. ఆ నెలలో గూగుల్ తన ‘ఫోన్’ యాప్ రూపం మార్చింది. మన దగ్గర అమ్ముడయ్యే చాలా బ్రాండ్లలో కాల్స్‌కి వాడేది ఆ యాప్‌నే. కాల్ వస్తే పైకి జరిపే గుండీ, అడ్డంగా జరిపే గుండీ అయిపోయింది. ఫేవరెట్లూ, రీసెంట్ కాల్సూ కలిసిపోయి ఒకే పేజీలో పడ్డాయి. మారింది ఆ యాప్ ఒక్కటే కాబట్టి, ఫోన్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ జోలికి పోనివాళ్లకీ ఇది జరిగింది. ఫోన్ హ్యాక్ అయిందని దేశమంతా టెన్షన్ పడ్డవాళ్లున్నారు.

అయినా షాపు కుర్రాడి మాటని కొట్టిపారేయలేం. ఆ మాటకి ఇరవై ఏళ్ల అనుభవం ఉంది.

గుండీల ఫోన్ల కాలంలో సాఫ్ట్‌వేర్ అనేది షాపులో ‘వేయించే’ వస్తువు. ఫోన్ లోగో దగ్గర ఆగిపోతేనే ఆ అవసరం వచ్చేది. షాపతను కేబుల్ పెట్టి, కంప్యూటర్‌కి తగిలించి, ఫ్లాషింగ్ చేసేవాడు, అంటే సాఫ్ట్‌వేర్‌ని మళ్లీ ఎక్కించేవాడు. మధ్యలో కరెంటు పోతే ఫోన్ డెడ్. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని ఊళ్లో ఇది చిన్న భయం కాదు. బాగున్న ఫోన్‌కి సాఫ్ట్‌వేర్ వేయించుకోవడమంటే నడుస్తున్న సైకిల్‌ని తీసుకెళ్లి రిపేరుకి ఇవ్వడమే. “కొట్టకండి” అన్నది అప్పటి లెక్కలో మంచి సలహా.

ఆండ్రాయిడ్ మొదటి వెర్షన్ 2008లో వచ్చింది. మన ఒడిశా సరిహద్దు ఊళ్లలో తెలుగువాళ్లకి అప్‌డేట్‌తో మొదటి పరిచయం మాత్రం భయంతో కాదు, ఆశతో. అప్పటి చాలా ఫోన్లలో తెలుగు వార్త తెరిస్తే ఖాళీ డబ్బాలే కనపడేవి. ఒపెరా మినీ అనే బ్రౌజర్ సెట్టింగుల్లోకి దూరి, అక్షరాల్ని బొమ్మలుగా చూపించే ఆప్షన్ ఆన్ చేసుకుని చదివేవాళ్లం. ఒడియా బోర్డుల మధ్య బతుకుతూ, తెలుగు పేపర్ కోసం ఆంధ్రా వైపు పాతపట్నం నుంచి వచ్చే బండి వైపు చూసేవాళ్లకి ఇది పెద్ద విషయం. 2012లో వచ్చిన 4.1 వెర్షన్‌తో ఆండ్రాయిడ్‌కి తెలుగు అక్షరాలు వచ్చాయి. కానీ చేతిలో ఉన్న ఫోన్‌కి ఆ 4.1 రావాలి కదా. గూగుల్ తయారుచేసిన దాని మీద ముందు చిప్ కంపెనీ తన పని చూసుకోవాలి, తర్వాత ఫోన్ కంపెనీ తన రంగులు పూయాలి, అప్పుడు మన దాకా. చవక ఫోన్ల విషయంలో ఆ బండి దారిలోనే ఆగిపోయేది.

వచ్చినప్పుడైనా సుఖం లేదు. 2014 చివర్లో వచ్చిన ఆండ్రాయిడ్ 5.0, యాప్‌లు నడిపించే పద్ధతినే మార్చింది. అప్‌డేట్ అయ్యాక ఫోన్ ఆన్ చేస్తే ఒక్కో యాప్‌నీ మళ్లీ సిద్ధం చేసుకుంటూ లెక్కపెట్టేది, ఎనభైలో మూడోది, ఎనభైలో నాలుగోది అంటూ. ఒక జీబీ ర్యామ్ ఉన్న ఫోన్లు ఆ బరువుకి చతికిలబడ్డాయి. గూగుల్ పేరుతోనే వచ్చిన 2012 నాటి నెక్సస్ 7 ట్యాబ్ కూడా మందగించిందని అప్పట్లో గోల. “అప్‌డేట్ చేస్తే హ్యాంగ్ అవుద్ది” అన్నది అప్పుడే గట్టిపడింది.

2015 జులైలో స్టేజ్‌ఫ్రైట్ అనే లోపం బయటపడింది. ఒక మెసేజ్ వీడియోతోనే ఫోన్‌లోకి చొరబడే వీలున్న లోపం. దాని తర్వాతే గూగుల్ నెలనెలా సెక్యూరిటీ అప్‌డేట్లు మొదలుపెట్టింది. అంటే అప్‌డేట్ కొత్త సోకుల కోసం కాదు, తలుపుకి గడియ కోసం అన్న సంగతి అప్పటికి తేలింది. మా వైపు ఎవరూ పట్టించుకోలేదు. నెట్ ప్యాక్ ఎంబీల లెక్కన వాడుకునే రోజులవి, ఒక్క అప్‌డేట్‌కి వందల ఎంబీలు తగలేస్తారా?

2016 సెప్టెంబర్ 5న జియో వచ్చింది. నా దృష్టిలో అసలు మలుపు ఇదే. డేటాకి లెక్క లేకుండా పోయింది, మా ఫోన్లలో ప్లే స్టోర్ తనంతట తాను యాప్‌ల అప్‌డేట్లు దించుకోవడం మొదలెట్టింది. అదే ఏడాది వచ్చిన ఆండ్రాయిడ్ 7లో రెండు గదుల పద్ధతి పెట్టారు. మీరు ఒక గదిలో కాపురం ఉంటే కొత్త సాఫ్ట్‌వేర్ పక్క గదిలో దిగుతుంది, రీస్టార్ట్ చేసినప్పుడు అటు మారతారు. అక్కడ తేడా వస్తే పాత గదికి తిరిగి రావచ్చు. అన్ని కంపెనీలూ వెంటనే పాటించలేదు గానీ, పాటించిన ఫోన్లలో కరెంటు పోతే డెడ్ అన్న భయానికి ఆధారం పోయింది. భయం మాత్రం పోలేదు.

పోకపోవడానికి కంపెనీలూ కారణమే. 2017 జనవరిలో ఆపిల్ ఐఫోన్ల సాఫ్ట్‌వేర్ ఐఓఎస్‌కి 10.2.1 అప్‌డేట్ ఇచ్చింది. బ్యాటరీ పాతబడిన ఐఫోన్లు ఉన్నట్టుండి ఆఫ్ అయిపోకుండా ప్రాసెసర్ వేగాన్ని తగ్గించే ఏర్పాటు అందులో ఉంది. ఆ సంగతి వాడేవాళ్లకి సరిగ్గా చెప్పలేదు. డిసెంబర్‌లో బయటపడ్డాక ఒప్పుకుని, క్షమాపణ చెప్పి, బ్యాటరీ మార్పిడి ధర తగ్గించింది. 2018లో ఇటలీ ఆపిల్‌కి కోటి యూరోలు, ఇలాంటి ఆరోపణ మీదే శాంసంగ్‌కి 50 లక్షల యూరోలు జరిమానా వేసింది. 2020లో ఫ్రాన్స్ ఆపిల్‌కి మరో 2.5 కోట్ల యూరోలు వేసింది. షాపు కుర్రాడు ఇవేవీ చదివి ఉండడు. కానీ “కావాలనే స్లో చేస్తారు సార్” అన్నప్పుడు పూర్తిగా తప్పని ఎలా అంటాం? 2025 జనవరిలో పిక్సెల్ 4ఏ ఫోన్లకి గూగుల్ పంపిన అప్‌డేట్ కొన్నింటిలో బ్యాటరీ సామర్థ్యాన్నే తగ్గించింది. అదీ అడగకుండా, తనంతట తానే దిగింది.

అప్‌డేట్ చేయకపోతే ఏమవుతుందో చెప్పడానికి మాత్రం మన అక్షరమే పనికొస్తుంది. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అన్న తెలుగు అక్షరం మెసేజ్‌లో వస్తే ఐఫోన్లు పడిపోయాయి. మామూలుగా మనం టైప్ చేసే జ్ఞా కాదు, మధ్యలో కంటికి కనపడని గుర్తు ఒకటి చేరినది. దాన్ని అమర్చలేక యాప్‌లు మూసుకుపోయేవి. కొందరు సరదాకి ఒకరికొకరు పంపుకున్నారు కూడా. ఫిబ్రవరి 19న వచ్చిన ఐఓఎస్ 11.2.6 దాన్ని సరిచేసింది. వ్యావహారిక భాష కోసం గిడుగు రామమూర్తి పోరాడిన ఊరు మా పర్లాకిమిడి. జ్ఞానంలో ‘జ్ఞా’ ఫోన్‌ని పడగొడుతుందని ఆయన అనుకుని ఉండరు.

2022 అక్టోబర్ 1న దేశంలో 5జీ మొదలయ్యాక సీను తిరగబడింది. 5జీ ఫోన్ కొన్నారు, టవర్ వచ్చింది, సిగ్నల్ మాత్రం 4జీనే. కొన్ని ఫోన్లకి కంపెనీ అప్‌డేట్ ఇస్తేగానీ రాదు. ఐఫోన్లకైతే డిసెంబర్‌లో ఐఓఎస్ 16.2 వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది. కొట్టొద్దన్న షాపులోనే “అప్‌డేట్ వచ్చిందా?” అని అడగడం మొదలైంది.

సరిహద్దులో ఇంకో చిక్కు. పర్లాకిమిడి దాటితే పాతపట్నం, అది వేరే టెలికాం సర్కిల్. ఊరి చివర ఇళ్లలో ఒడిశా సిమ్ ఒక్కోసారి ఆంధ్రా టవర్ పట్టేసుకుంటుంది. అప్‌డేట్ తర్వాత ఏ కారణంచేతనో, వేరే సర్కిల్ టవర్ మీద నెట్ వాడనిచ్చే డేటా రోమింగ్ ఆఫ్ అయి ఉంటే, సిగ్నల్ నిండుగా ఉన్నా నెట్ రాదు. “అప్‌డేట్‌తో నెట్ పోయింది” అని నా దగ్గరకొచ్చిన ఫోన్లలో రెండింటికి ఆ ఒక్క బటన్ ఆన్ చేస్తే సరిపోయింది. వాటిలో ఒకదానికి అప్పటికే షాపులో రీసెట్ కొట్టేశారు, పెళ్లి ఫోటోలు పోయాయి.

అందుకే ఎవరైనా “అప్‌డేట్ తర్వాత పాడైంది” అంటే నేను ముందు అడిగేది, ఏ అప్‌డేట్ అని. ఫోన్‌దా, యాప్‌దా? ఫోన్‌దైతే ఒకట్రెండు రోజులు వేడెక్కడం, చార్జింగ్ త్వరగా దిగడం మామూలే. లోపల యాప్‌ల్నీ ఫోటోల్నీ మళ్లీ సర్దుకుంటుంది. అప్పటికీ తగ్గకపోతే బ్యాటరీ సెట్టింగుల్లో ఏ యాప్ తాగేస్తోందో చూడాలి, స్టోరేజ్ నిండిపోయిందేమో చూడాలి. యాప్‌దైతే ఆ యాప్ సమాచారంలోకి వెళ్లి అప్‌డేట్లు తీసేస్తే తరచుగా సరిపోతుంది. 2021 మార్చిలో వెబ్‌వ్యూ అనే గూగుల్ భాగం చెడి యాప్‌లు వరసగా మూసుకుపోయినప్పుడు జనం చేసింది ఇదే. రీసెట్ చిట్టచివర, అదీ ఫోటోలు వేరేచోట దాచాకే.

మావయ్య ఫోన్‌కి అదే చేశాను. యాప్ అప్‌డేట్లు తీసేస్తే పైకి జరిపే గుండీ తిరిగొచ్చింది. ప్లే స్టోర్‌లో ఆ యాప్‌కి ఆటో అప్‌డేట్ ఆపడం మర్చిపోయాను. నాలుగు రోజులకి మళ్లీ అడ్డం గుండీ. ఈసారి యాప్ సెట్టింగుల్లో చూస్తే, జరపక్కర్లేకుండా ఒక్కసారి తాకితే కాల్ ఎత్తే ఆప్షన్ ఉంది. అది పెట్టి ఇచ్చాను. మర్నాడు అత్త ఫోన్‌లోంచి మళ్లీ మావయ్య. “జేబులోంచి తీస్తుంటేనే ఎత్తేస్తోందిరా. ఆ అడ్డంగా తోసేదే పెట్టు, అది అలవాటైపోయింది.”