తల్లి ఒంటి మీద పడుకోబెడితే బిడ్డకు సర్ది చేస్తుందా?

"సిస్టర్, బట్టల్లేకుండ గట్ల పడుకోబెట్టిన్రేంది? సర్ది గాదా?" ఇక్కడ హైదరాబాద్‌లో లేబర్ రూమ్ తలుపు దగ్గర ఈ మాట వినని వారం ఉండదు. అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసే అపోహ ఇదే.

బిడ్డను చల్లబరిచేది తడి, గాలి. ఉమ్మనీటి తడి ఒంటి మీదే ఆరితే ఒళ్లు ఇట్టే చల్లారిపోతుంది. అందుకే పుట్టగానే తలతో సహా తుడిచి, ఆ తడి బట్ట తీసేసి, టోపీ పెట్టి, తల్లి ఛాతీ మీద బోర్లా పడుకోబెడతాం. ఇద్దరికీ కలిపి పొడి దుప్పటి కప్పుతాం. టవల్‌లో చుట్టి ఇస్తే తల్లి వేడి బిడ్డకు అందదు. టవల్ ఉన్న వేడిని ఆపుతుందే గానీ కొత్తగా పుట్టించదు కదా!

మొన్న చలికాలంలో ఒక నానమ్మ ఊలు స్వెట్టర్ పట్టుకుని గొడవకు దిగింది. ఆమె చెయ్యి దుప్పటి కిందికి పోనిచ్చి బిడ్డ పాదం పట్టుకోమన్నాను. "ఎచ్చగనే ఉన్నయి" అంది. స్వెట్టర్ మాత్రం సంచిలో పెట్టలేదు!

కనీసం ఒక గంట కదిలించొద్దు. బరువు తర్వాత చూడొచ్చు, వాట్సాప్ ఫొటో కూడా ఆగుతుంది. స్నానానికి 24 గంటలు ఆగండి. తేనె అసలు వద్దు. కానీ ఆ గంటా పక్కన ఒకరు ఉండి బిడ్డ రంగు, ఊపిరి చూస్తూ ఉండాలి, ముక్కు మూసుకుపోకూడదు.

సిజేరియన్ అయితే కుదరదా? ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం తెలంగాణలో నూటికి 60కి పైగా కాన్పులు ఆపరేషన్లే. వెన్నుకు మత్తు ఇస్తే తల్లి మెలకువగానే ఉంటుంది, ఛాతీ ఆపరేషన్ పరదాకు ఇవతలే ఉంటుంది. ముందురోజే డాక్టర్‌ను అడిగి పెట్టుకోండి. తల్లికి బాగోకపోతే నాన్న ఛాతీ ఉంది.

బరువు తక్కువ బిడ్డకు ఇంక్యుబేటర్ పెట్టే గతి అనుకోవడమూ తప్పే. బిడ్డను ఇలా ఛాతీకి ఆనించి ఉంచే కంగారూ పద్ధతి 1978లో కొలంబియా రాజధాని బొగోటాలో మొదలైంది అలాంటి పిల్లలతోనే.

పుట్టగానే ఊపిరి తీసుకోని బిడ్డను మాత్రం ముందు వార్మర్ (వేడినిచ్చే బల్ల) మీదికే తీసుకెళ్తాం. "ఎన్‌ఐసీయూలో (పసిపిల్లల ఐసీయూ) పెట్టారు, ఇక నా దగ్గర అలవాటు కాడేమో" అని ఏడ్చే తల్లులకు ఒకటే చెబుతాను: ఆ టెన్షన్ వద్దమ్మా, బిడ్డను ఇచ్చిన రోజే మొదలుపెట్టు. ముందు గుండీలుండే నైటీ ఒకటి తెప్పించుకో.