నిప్పుతో శ్రుతి చేసే వాద్యం

మా అనంతపురం పల్లెల్లో పీర్ల పండగ రాత్రి గుండం దగ్గరికి అందరికంటే ముందు వచ్చేది పలకలు (డప్పులు) కొట్టేవాళ్లే. గుండం చుట్టూ అలాయి ఆడే పిల్లలు ఇంకా అన్నాలు తింటూ ఉంటారు. చావిట్లో పీర్లకు పూలు కడుతూ ఉంటారు. ఇక్కడ మాత్రం గుండంలో కంది కట్టె, తుమ్మ మొద్దులు చిటపటమంటుంటే ఒక్కో పలకను మంటకు మూరెడు దూరంలో పట్టుకుని, బండి చక్రం తిప్పినట్టు నిదానంగా తిప్పుతుంటారు. మధ్యమధ్యలో వేలి గోటితో తోలు మీద మీటి చూస్తారు. మొదట బొద్దుగా 'దబ్' అంటుంది. కాసేపటికి 'దంగ్'. ఇంకాసేపటికి ఇత్తడి చెంబుకు తగిలినట్టు 'టంగ్'.

చిన్నప్పుడు నేను ఒక పెద్దాయన పక్కన కూర్చుని ఇదంతా చూసేవాణ్ణి. "అయిపోయింది గదా తాతా, కొట్టు" అంటే, ఆయన గోటితో మీటి, చెవి వంచి విని, "ఇంగా రోంత కాగల్ల నాయనా" అనేవాడు. నాకు ఆ రెండు శబ్దాలకూ తేడా తెలిసేది కాదు. ఆయనకు తెలిసేది.

తర్వాత బడిలో 'వేడికి వస్తువులు వ్యాకోచిస్తాయి' అని చదివినప్పుడు నాకు ఈ పలకే గుర్తొచ్చింది. వేడికి సాగితే తోలు వదులవ్వాలి కదా? శబ్దం ఇంకా బొద్దుగా మారాలి. జరిగేది దానికి పూర్తిగా ఎదురు. ఈ చిక్కుముడి విప్పుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. జవాబు వేడిలో లేదు, నీళ్లలో ఉంది.

తోలు అంటే ప్రధానంగా కొల్లాజెన్ అనే ప్రోటీన్. మూడు పోగుల్ని పేనిన తాడులాంటి సన్నటి నారలు లక్షల్లో అల్లుకుని ఉంటాయి. ఈ నారలకు నీళ్లంటే మహా ఇష్టం. గాలిలో తేమ ఉంటే చాలు, తాగేస్తాయి. నీళ్లు నారల మధ్య చేరితే తోలు ఉబ్బి మెత్తబడుతుంది, బిగువు పోతుంది. మంట దగ్గర పెడితే ఆ నీరు ఆవిరైపోయి నారలు దగ్గరికి జరుగుతాయి. వానలో తడిసిన తోలుచెప్పు ఎండలో పెడితే బిగుసుకుపోయి కాలు కరుస్తుంది చూడండి, అదే ఇది. వేడికి కలిగే వ్యాకోచం కూడా ఉంటుంది గానీ, ఈ ముడుచుకోవడం ముందు అది లెక్కలోకి రాదు. తోలు ముడుచుకోవాలని చూస్తుంది, చుట్టూ ఉన్న కొయ్య చట్రం లొంగదు. దాంతో తోలులో టెన్షన్, అంటే బిగువు, పెరుగుతుంది. పైగా నీటి బరువు కూడా తగ్గింది కాబట్టి తోలు ఇంకా చురుగ్గా కంపిస్తుంది.

ఇందులో ఒక లెక్క ఉంది. కంపనాల సంఖ్య టెన్షన్ వర్గమూలాన్ని బట్టి పెరుగుతుంది. అంటే శ్రుతి రెట్టింపు హెచ్చు కావాలంటే బిగువు నాలుగు రెట్లు కావాలి. శ్రుతి పదో వంతు పెరగాలన్నా బిగువు 21 శాతం పెరగాలి. ఆ లాగుడంతా భరించేది చట్రం, తోలును దానికి అంటించిన చింతగింజల జిగురు. అందుకే పలక చేసేవాళ్లు ఆ జిగురు దగ్గర అంత పట్టుదలగా ఉంటారు.

ఎక్కువ కాగితే? అక్కడే అసలు పనితనం. తడిగా ఉన్న పచ్చి తోలు 60 డిగ్రీల సెల్సియస్ దాటితే కొల్లాజెన్ పోగుల పెనవేత విడిపోవడం మొదలవుతుంది. పొడి తోలు ఇంకా ఎక్కువ వేడికి ఆగుతుంది. విడిపోయిన కొల్లాజెన్ జెలటిన్ అవుతుంది. కాళ్ల పులుసు తాగినప్పుడు పెదాలకు అంటుకునే జిగట అదే. ఒకసారి అలా అయిన తోలు మళ్లీ పలక తోలు కాదు. మంటకు ఎంత దూరం, ఎంతసేపు, ఎప్పుడు తిప్పాలి అన్నది ఆ పెద్దాయన థర్మామీటర్ లేకుండా, వేలి గోరు, చెవి రెండిటితోనే తేల్చేవాడు. నేను ఇప్పుడు పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. ఇంత నిక్కచ్చి ప్రయోగం మా ల్యాబ్‌లో ఎప్పుడూ చూడలేదు.

పీర్ల పండగ ముస్లింల చాంద్రమానం ప్రకారం వస్తుంది కాబట్టి ఏటా పదీ పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. 2018లో సెప్టెంబరులో వచ్చింది, 2025లో జూలై మొదటి వారంలోనే. అనంతపురానికి ఏడాదికి పడే వాన 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ, అందులో సెప్టెంబరుదే పెద్ద వాటా. ఎండాకాలం పండగలో ఒకసారి కాచిన పలక చాలాసేపు నిలుస్తుంది. సెప్టెంబరు రాత్రిలో అరగంటకే మెత్తబడుతుంది. సుమారు 33 ఏళ్లలో పండగ అన్ని కాలాలనూ చుట్టి వస్తుంది. ఒక పలక మనిషి తన జీవితకాలంలో ఏడాదిలోని ప్రతి రుతువు గాలితోనూ బేరమాడి ఉంటాడన్నమాట.

ఈ కాచడం వినసొంపు కోసమే అనుకునేవాణ్ణి, కానీ దూరం కోసం కూడా. పలకకు వెనక మూత లేదు. తోలు ముందుకు ఉబికినప్పుడు ముందున్న గాలి నొక్కుకుంటుంది, అదే క్షణంలో వెనక గాలి పలచబడుతుంది. ఈ రెండూ అంచు చుట్టూ కలిసి ఒకదాన్నొకటి తినేస్తాయి. మంద్ర ధ్వనులకు ఈ నష్టం ఎక్కువ, హెచ్చు ధ్వనులకు తక్కువ. కాబట్టి కాగని పలక శబ్దం వీధి చివరకే చచ్చిపోతుంది, కాగిన పలక పక్క ఊరికి వినిపిస్తుంది. ఈసారి పలక కొట్టేచోట మీరే చూడండి: తోలుకు ఎదురుగా నిలబడి విని, తర్వాత చట్రం అంచు మీవైపు ఉండేలా పక్కకు జరగండి. మోత తగ్గినట్టు తెలుస్తుంది.

పలకలో స్వరం పలకదు. తీగ మోగితే దాని పై కంపనాలు అసలు కంపనానికి సరిగ్గా 2, 3, 4 రెట్లు ఉంటాయి. చెవికి అది స్వరంగా వినిపిస్తుంది. గుండ్రటి తోలు అలా కాదు, 1.59, 2.14, 2.30 అంటూ పొంతన లేని రెట్లు. మృదంగం దీన్ని దాటింది. తోలు నడుమ ఇనుప చిట్టెంలాంటి బరువైన పొడిని అన్నంతో నూరి పొరలు పొరలుగా వేస్తారు. ఆ నల్లటి బరువు కంపనాలను దారికి తెస్తుందని సి.వి. రామన్ 1920లో 'నేచర్' పత్రికలో రాశాడు, 1934లో ఇంకా వివరంగా చూపించాడు. అద్భుతమైన పని అది. కానీ ఆ మృదంగానికి తోలు తీసి, సిద్ధం చేసిన చేతులు, పలక కాచిన చేతులు ఒకే వాడలవి. వాళ్ల దగ్గరున్నది విద్య అని ఊరు చాలాకాలం ఒప్పుకోలేదు. చావుకు కొట్టమని పిలిచింది, గడప అవతలే నిలబెట్టింది. ఇప్పుడు ప్రభుత్వం డప్పు కళాకారులకు పింఛను ఇస్తోంది. మంచిదే. బడి పుస్తకంలో తంబురా తీగ పక్కన పలక తోలు బొమ్మ కూడా ఉండాలని నా కోరిక.

మా జిల్లాకే పేరు తెచ్చిన ఉరుము గురించి కూడా చెప్పాలి. రెండు మూతులున్న ఈ వాద్యంలో ఒకవైపు పుల్లతో కొడతారు, రెండోవైపు వంకర పుల్లతో తోలును రాస్తారు. పుల్ల తోలును పట్టుకుని కొంచెం లాగుతుంది, పట్టు తప్పి జారుతుంది, మళ్లీ పట్టుకుంటుంది. ఇది క్షణంలో ఎన్నోసార్లు జరిగితే తోలు మూలుగుతుంది. వయొలిన్ కమాను తీగ మీద చేసేదీ ఇదే. పుల్ల ఒత్తిడి మారిస్తే మూలుగు వంపు తిరుగుతుంది. దేవరలో (అమ్మవారి జాతరలో) ఉరుములు మోగితే పొట్టలో ఏదో కదిలినట్టు ఉంటుంది. మబ్బులోంచి వచ్చే ఉరుము పేరే దీనికీ పెట్టినవాళ్లు సరిగ్గా విన్నారు.

ఈ మధ్య ఫైబర్ డప్పులొచ్చాయి. ప్లాస్టిక్ పొర తేమ తాగదు, దాన్ని కాచే పనిలేదు, మర బిగిస్తే చాలు. ఊరూరా తిరిగి కొట్టేవాళ్లకు అది పెద్ద వెసులుబాటు, నేను తప్పు పట్టను. పోయినసారి పండగకు మా ఊళ్లో ఆరుగురు కుర్రాళ్లు ఫైబర్ డప్పులతో వచ్చి గుండానికి దూరంగా చల్లగా నిలబడ్డారు. ఒక్కడు మాత్రం తోలు పలక తెచ్చాడు, వాళ్ల తాతదట. దరువు మధ్యలో వరస వదిలి గుండం దగ్గరికి పోయేవాడు, తిప్పేవాడు, గోటితో మీటేవాడు, చెవి వంచేవాడు. వెంట ఇద్దరు చిన్నపిల్లలు పోయి పక్కనే చతికిలబడేవాళ్లు. తెల్లారేలోపు అట్లా నాలుగుసార్లు పోయొచ్చాడు.