నొప్పి తెలియని కాన్పు: పాత తగాదాయే

చెన్నైలో ఉండే మా మేనకోడలికి నెలలు నిండేసరికి ఇంట్లో రెండు పక్షాలు ఏర్పడ్డాయి. నెల్లూరు నుంచి వచ్చిన వాళ్ల అమ్మమ్మ ఒక పక్షం. "అయిదుగురిని కన్నాను, ఒక్క సూది ఎరగను. వెన్నులో పొడిపించుకుంటే జన్మంతా నడుము నొప్పే" అనేది. రెండో పక్షం ఆస్పత్రి వాళ్లు ఇచ్చిన కాగితం: ఎపిడ్యూరల్ (కాన్పు నొప్పి తెలియకుండా వెన్నులో ఇచ్చే మత్తు సూది) కావాలా, వద్దా, సంతకం పెట్టండి. పిల్ల ఆ కాగితాన్ని స్కాన్ రిపోర్టుల మధ్య దాచి, వారం వారం శ్వాస తరగతులకు వెళ్లేది. పెద్దావిడది సంప్రదాయం, సూదిది ఆధునికం అనుకుంటాం కానీ, చరిత్రలో ఈ లెక్క కుదరదు.

తెలుగులో కాన్పు మొదలైందనడానికి "నొప్పులు వచ్చాయి" అంటాం. నొప్పి లేని నొప్పులంటే మన భాషే ఒప్పుకోదు. 1847లో ఎడిన్‌బరో డాక్టరు జేమ్స్ యంగ్ సింప్సన్ కాన్పులో పీల్చే మత్తుమందులు, ముందు ఈథర్‌ను, ఆ ఏడాది నవంబరు నుంచి క్లోరోఫాంను వాడినప్పుడు అక్కడి వాళ్లూ ఒప్పుకోలేదు. స్త్రీ బాధపడే కనాలని బైబిల్లో ఉందని కొందరు అడ్డుపడ్డారు. ఆదాము పక్కటెముక తీసేముందు దేవుడే అతణ్ణి గాఢనిద్రలో ముంచాడు కదా అని సింప్సన్ అదే బైబిలుతో జవాబిచ్చాడు. 1853 ఏప్రిల్ 7న విక్టోరియా రాణి ఎనిమిదో కాన్పుకు లండన్ డాక్టరు జాన్ స్నో చేతిరుమాలు మీద కొద్దికొద్దిగా క్లోరోఫాం వేస్తూ 53 నిమిషాలు పీల్పించాడు. రాణి మెచ్చుకుంటూ డైరీలో రాసుకుంది. ఇక పాదరీల మాట ఎంతమంది వింటారు?

అప్పటికే మద్రాసులో ప్రసూతి ఆస్పత్రి ఉంది. 1844లో మొదలైన ఆ ఆస్పత్రే నేటి ఎగ్మోరు ప్రభుత్వ మహిళా, శిశు ఆస్పత్రి. క్లోరోఫాం గుండెను ఆపుతుందా, ఊపిరినా అన్న తగాదా తేల్చడానికి 1888, 1889లలో నిజాం ఖర్చుతో హైదరాబాదులోనే రెండు కమిషన్లు కూర్చున్నాయి. గుండెకు భయం లేదని తేల్చాయి. అది పొరపాటని తర్వాత తేలింది.

నా దృష్టిలో అసలు మలుపు జర్మనీలోని ఫ్రైబుర్గ్‌లో వచ్చింది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అక్కడి వైద్యులు మార్ఫిన్, స్కోపొలమిన్ అనే మందులు కలిపి ఇచ్చి దాన్ని ట్వైలైట్ స్లీప్, అంటే మసక నిద్ర, అన్నారు. అది నొప్పిని పూర్తిగా తీసేది కాదు, జ్ఞాపకాన్ని తుడిచేసేది. కళ్లకు గంతలు, చెవుల్లో నూనె దూది, పెనుగులాడితే చేతులకు పట్టీలు. తల్లి అరిచేది, మర్నాడు హాయిగా జరిగిందనేది. 1914లో అమెరికా ఆడవాళ్లు ఇది మా హక్కంటూ సంఘం పెట్టి మరీ పోరాడారు.

సహజ ప్రసవం అన్న నినాదం ఈ మత్తు గదులకు ఎదురుగా పుట్టింది. అది మన అమ్మమ్మల వారసత్వం కాదు. 1933లో ఇంగ్లండ్ డాక్టరు గ్రాంట్లీ డిక్ రీడ్ భయం వల్ల ఒళ్లు బిగుస్తుందనీ, బిగుసుకున్న కొద్దీ నొప్పి పెరుగుతుందనీ వాదించాడు. ఫ్రెంచి వైద్యుడు లమాజ్ 1951లో సోవియట్ యూనియన్ వెళ్లి, అలవాటుతో శరీర స్పందనను మార్చవచ్చన్న పావ్లోవ్ సిద్ధాంతం మీద అల్లిన పద్ధతిని చూసి వచ్చి, పారిస్‌లో లోహకార్మికుల యూనియన్ నడిపే ఆస్పత్రిలో శ్వాస సాధనగా నేర్పాడు. మా మేనకోడలు ఏసీ గదిలో ఫీజు కట్టి నేర్చుకున్న ఊపిరి లెక్క అక్కడిదే.

ఎపిడ్యూరల్‌ది మరో దారి. స్పెయిన్ సైనిక వైద్యుడు ఫిడెల్ పాహెస్ 1921లో నడుము దగ్గర ఇచ్చే పద్ధతిని ప్రకటించాడు. కాన్పు గదుల్లోకి విరివిగా వచ్చింది చాలా తర్వాత. మొదట్లో మందు మోతాదు ఎక్కువ. కాళ్లు మొద్దుబారి, ముక్కే బలం తగ్గి, పట్టకారుతో బిడ్డను లాగాల్సి వచ్చేది. ఇప్పుడు మొద్దుబార్చే మందు బుపివకైన్ 0.1 శాతమో, అంతకన్నా తక్కువో తీసుకుని, నొప్పి తగ్గించే ఫెంటనిల్ కాస్త కలుపుతారు. సిజేరియన్లు దీనివల్ల పెరగవని ఎన్నో పరిశోధనలను కలిపి చూసిన 2018 నాటి కాక్రేన్ సమీక్ష తేల్చింది. దీర్ఘకాలపు నడుము నొప్పికీ దీనికీ సంబంధం కనబడలేదు. రక్తపోటు పడిపోవడం, జ్వరం, ఆఖరి దశ సాగడం మాత్రం ఉన్నవే. వందలో ఒకరికి వెన్నుపాము చుట్టూ ఉండే పొర చిల్లిపడి తీవ్రమైన తలనొప్పి రావచ్చు.

ఆ 2018లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ అడిగిన తల్లికి ఎపిడ్యూరల్ ఇవ్వాలంది, మర్దనా, శ్వాస, పక్కన తోడూ ఉండాలంది. రెండింటికీ పోటీ పెట్టలేదు. తోడు విషయంలో తమిళనాడు ముందుంది. ప్రభుత్వ ఆస్పత్రుల్లో 2004లోనే అనుమతించింది. కేంద్రం 2016లో ఆ మాటంది. మత్తు డాక్టరు రాత్రీపగలూ ఉండటం వేరే సంగతి. అది లేనిచోట సంతకం కాగితం ఉత్తదే.

ఆ రాత్రి మేనకోడలు ఊపిరి లెక్కలు వదిలేసి సూదే అడిగింది. మత్తు డాక్టరు మరో ఆపరేషన్లో ఉన్నాడు. గంటన్నర పాటు అమ్మమ్మే అరచేతి మడమతో నడుము నొక్కుతూ నిలబడింది. ఆయన వచ్చాక పిల్లను పక్కకు తిప్పి, రొయ్యలా ముడుచుకోమని, నొప్పి వచ్చినా కదలొద్దన్నారట. బొటనవేలితో సిరంజిని నొక్కుతూ వెన్నెముకల మధ్య మెల్లగా వెళ్లి, ఎదురొత్తు చటుక్కున తగ్గినచోట ఆగి, సన్నటి గొట్టం వదిలి భుజం దాకా ప్లాస్టరు అంటించారు.

కాసేపటికి పెద్దావిడ కంగారుగా బయటికి వచ్చింది. "నొప్పులు ఆగిపోయాయమ్మా, ఒకసారి చూడు" అంది నాతో. ఆమె బదులు నేను లోపలికి వెళ్లాను. మానిటర్ నుంచి జారుతున్న కాగితం మీద నొప్పులు కొండల్లా వరసగా లేస్తూనే ఉన్నాయి. పిల్ల నిద్రపోతోంది.