ఆ ఒక్క రాత్రి, పూర్తిగా

వాషింగ్టన్‌లోని జార్జ్‌టౌన్‌లో బ్లూస్ ఆలీ అనే జాజ్ క్లబ్ ఉంది. మెయిన్ రోడ్డు మీద కాదు, వెనక సందులో, ఒకప్పుడు గుర్రపు బండ్లు పెట్టుకున్న పాత ఇటుకల షెడ్డులో. 1996 జనవరి 2, 3 తేదీల్లో అమెరికన్ గాయని ఈవా కాసిడీ అక్కడ పాడింది. ఆ పాటల్ని రికార్డు చేసి ఆల్బమ్‌గా తేవడానికయ్యే ఖర్చు కోసం తనకున్న చిన్నపాటి పెన్షన్ సొమ్ము తీసేసింది. తీరా చూస్తే సాంకేతిక లోపం వల్ల మొదటి రాత్రి రికార్డింగ్ పనికిరాకుండా పోయింది. మిగిలింది రెండో రాత్రి ఒక్కటే. ఆ రోజు ఆమెకి జలుబు.

అప్పటికి ఆమెతో పెద్ద కంపెనీ ఏదీ ఒప్పందం చేసుకోలేదు. జాజ్, బ్లూస్, ఫోక్, గాస్పెల్ (చర్చి భక్తిగీతాలు), పాప్ అన్నీ పాడే మనిషిని ఏ పేరుతో అమ్మాలో వాళ్లకి తెలియలేదు. పైగా పాడేవి దాదాపు అన్నీ ఇతరుల పాటలే. మన దగ్గర త్యాగరాజ కీర్తన పాడేవాళ్లని 'నీ సొంత పాటేదీ?' అని ఎవరూ అడగరు, ఎలా పాడారన్నదే చూస్తాం. ఈవాని అలా వినాలి. బ్రిటిష్ గాయకుడు స్టింగ్ 1993లో విడుదల చేసిన 'ఫీల్డ్స్ ఆఫ్ గోల్డ్' తీసుకోండి. ఈవా దాని వేగం తగ్గించి, తన గిటార్ ఒక్కటే తోడుగా పాడింది. ఒక్కో మాటా పలికి, అది గాలిలో కరిగేదాకా ఆగి, తర్వాతి మాట అందుకుంటుంది. ప్రేమపాటలా మొదలైంది కాస్తా వీడ్కోలులా వినిపిస్తుంది.

ఆ రాత్రి తన గొంతు ఆమెకి నచ్చలేదు. స్టూడియోలో పాడిన ఒక పాట కూడా చేర్చాలన్న షరతు మీదే ఆల్బమ్‌కి ఒప్పుకుంది. పన్నెండు లైవ్ పాటలు, ఆ ఒక్కటీ కలిపి 1996లోనే 'లైవ్ ఎట్ బ్లూస్ ఆలీ' వచ్చింది. ఆమె బతికుండగా వచ్చిన సోలో ఆల్బమ్ అదొక్కటే. అదే ఏడాది నవంబర్ 2న, 33 ఏళ్లకే, చర్మ క్యాన్సర్ ఆమెని తీసుకుపోయింది.

1998లో 'సాంగ్‌బర్డ్' అనే సంకలనం వచ్చింది. బీబీసీ రేడియో 2లో ఆమె పాటలు వేయడంతో బ్రిటన్ వినడం మొదలుపెట్టింది. ఆ క్లబ్‌లో మామూలు క్యామ్‌కార్డర్‌తో తీసిన వీడియో టీవీలో వచ్చాక ఆ ఆదరణ ఇక ఆగలేదు. 2001లో అక్కడి చార్టుల్లో 'సాంగ్‌బర్డ్' నంబర్ వన్.

2015లో అదే రాత్రి 'నైట్‌బర్డ్' పేరుతో, ముప్ఫైకి పైగా పాటలతో మళ్లీ వచ్చింది. తనకే నచ్చని రాత్రిని మొత్తం బయటపెట్టడం న్యాయమా అని నాకూ అనిపించింది. విన్నాక మనసు మారింది. ఏరి కూర్చిన పన్నెండు పాటల్లో ఆమె పొరపాటే ఎరగని గాయనిలా అనిపిస్తుంది. ఇక్కడ ఒక పాట నుంచి ఇంకో పాటకి, బ్లూస్ నుంచి గాస్పెల్‌కి దాటే మనిషి దొరుకుతుంది. 2023లో ఆమె గొంతుని విడదీసి లండన్ సింఫనీ ఆర్కెస్ట్రాతో కలిపి ఇంకో ఆల్బమ్ చేశారు, అందంగానే ఉంది. నేను మాత్రం ఆ సందులోని గదికే తిరిగి వెళ్తాను, జలుబుతో పాడుతున్న గొంతుకీ, పాట అయ్యాక పడే ఆ కొద్దిమంది చప్పట్లకీ.