ఉప్పు డబ్బా, మబ్బు, ఓజోన్

"ఏసీలు, ఫ్రిజ్‌లు, ఫ్యాక్టరీలు అన్నీ మన దగ్గరే ఉన్నాయి. ఓజోన్ పొరకి చిల్లు మాత్రం మనుషులే లేని అంటార్కిటికా మీద పడిందేమిటి?" అని గాజువాక నుంచి ఒక ఇంటర్ విద్యార్థిని అడిగింది. జవాబు వాళ్ళ వంటింట్లో ఉప్పు డబ్బా దగ్గర మొదలవుతుంది.

విశాఖలో వానాకాలం ఆ డబ్బా మూత తీస్తే ఉప్పు ముద్దకట్టి ఉంటుంది. కల్లుప్పైతే అడుగున నీరే ఊరుతుంది. నాలుగు బియ్యపు గింజలు వేసి సరిపెట్టుకుంటాం. అసలు సంగతేమిటంటే, శుద్ధమైన సోడియం క్లోరైడు గాలిలో తేమ 75 శాతం చేరేదాకా పొడిగానే ఉంటుంది. అది దాటగానే ఆవిరిని లాక్కుని కరిగి ఉప్పునీరైపోతుంది. కల్లుప్పులో కలిసివుండే మెగ్నీషియం క్లోరైడుకి 33 శాతమే చాలు, అందుకే దానికి ముందు చెమ్మ పడుతుంది.

ఇదే డబ్బా ఆర్కే బీచ్‌లో గాలినిండా ఉంది. అల విరిగినప్పుడు నురగలో బుడగలు పగిలి సన్నని తుంపర్లు ఎగురుతాయి. అవి ఆరితే మిగిలేది కంటికి కనపడని ఉప్పు నలుసు. గాలిలో తేలే ఇలాంటి నలుసులన్నిటికీ కలిపి ఏరోసాల్ అని పేరు. తేమ 80 శాతానికి వస్తే ఉప్పు నలుసు వ్యాసం దాదాపు రెట్టింపవుతుంది. సాయంత్రం డాల్ఫిన్స్ నోస్ కొండని మసకబార్చే తెల్లటి తెరలో ఈ ఉబ్బిన నలుసులూ ఉంటాయి.

మన పాఠ్యపుస్తకాలు "ఆవిరి చల్లబడితే నీరవుతుంది" అని ఒక్క ముక్కలో తేల్చేస్తాయి. అది సగమే నిజం. నలుసే లేని గాలిలో ఆవిరి తనంతట తాను చుక్క కట్టాలంటే తేమ (గాలి మామూలుగా పట్టగలిగినంత ఆవిరిని 100గా లెక్కిస్తే) నాలుగైదు వందల శాతానికి పోవాలి. మబ్బులో అది 100 మీద ఒక శాతం దాటడమే అరుదు. చిట్టి చుక్కకి వంపు ఎక్కువ. వంపు ఎక్కువైన కొద్దీ పైనున్న నీటి అణువులు తేలిగ్గా ఎగిరిపోతాయి. 0.01 మైక్రాన్ (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు) వ్యాసార్ధమున్న మంచినీటి చుక్క ఆరిపోకుండా నిలవాలంటే 112 శాతం తేమ కావాలి. లోపల ఉప్పు ఉంటే లెక్క తిరగబడుతుంది: వంపు తరిమేస్తుంటే ఉప్పు పట్టి ఉంచుతుంది. 0.1 మైక్రాన్ వ్యాసమున్న ఉప్పు నలుసుకి 100 మీద 0.1 శాతం తేమ దొరికితే చాలు, మబ్బుచుక్కగా పెరిగిపోతుంది. ఈ తగువుని లెక్కగట్టినవాడు స్వీడన్‌కి చెందిన హిల్డింగ్ కోలర్.

నమ్మకం కుదరకపోతే చేసి చూడండి. రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసా తీసుకోండి, మంచినీళ్ళ సీసా పనికిరాదు, సొట్టపడుతుంది. రెండు చెంచాల గోరువెచ్చని నీళ్ళు పోసి, మూత బిగించి, ఒక నిమిషం గిలక్కొట్టండి. వెనక నల్ల కాగితం, పక్కనుంచి టార్చి. సీసాని రెండు చేతులతో గట్టిగా నొక్కి పది సెకన్లు అలాగే పట్టుకుని ఒక్కసారిగా వదలండి. ఆ పది సెకన్లూ ముఖ్యం: నొక్కినప్పుడు పుట్టిన వేడి గోడల్లోకి పోవాలి. వెంటనే వదిలేస్తే గాలి మొదటి వేడికే తిరిగొస్తుంది, పొగమంచు పట్టదు. ఇప్పుడు పలచని మసక రావచ్చు, గదిలో గాలికి దుమ్ము ఎలాగూ ఉంటుంది. మూత తీయకుండా, మసక దిగేదాకా ఆగుతూ మళ్ళీ మళ్ళీ చేయండి. చుక్కలు కట్టిన నలుసులు వాటితోపాటే కింది నీళ్ళలోకి పోతాయి, మసక పలచబడుతూ వస్తుంది. అప్పుడు మూత తీసి, ఆర్పిన అగ్గిపుల్ల పొగ ఒక్క సెకను పట్టి మూసేయండి. ఈసారి వదిలితే సీసాలో తెల్లటి మబ్బు. పొగ ఎక్కువైతే ఏది పొగో ఏది మబ్బో తెలియదు. గుర్తు ఏమిటంటే మబ్బు నొక్కితే మాయమవుతుంది, పొగ పోదు. నీళ్ళు మరీ వేడిగా ఉంటే గోడలే చెమర్చి ఏమీ కనపడదు. 1880ల్లో స్కాట్లాండులో జాన్ ఐట్కెన్ గాలిని దూదిలోంచి వడకట్టి నిరూపించింది నలుసు లేనిదే మబ్బు కట్టదన్న ఈ సంగతే.

అలాగని నలుసులు పెరిగితే వాన పెరగదు. శుభ్రమైన సముద్రపు గాలిలో ఘనసెంటీమీటరుకి మబ్బు కట్టే నలుసులు వంద ఉంటే, ఊరి గాలిలో వెయ్యి దాటుతాయి. నీరు మాత్రం అంతే. పదిమందికి వండిన అన్నం వందమంది పంక్తికి వడ్డించినట్టు, ఎవరికీ చాలదు. చుక్కలు చిన్నవైపోతాయి, మబ్బు మరింత తెల్లగా మెరుస్తుంది, చుక్కలు ఒకదాన్నొకటి గుద్దుకుని కలవవు. ఒక మిల్లీమీటరు వ్యాసార్ధమున్న వానచుక్కకి 10 మైక్రాన్ల మబ్బుచుక్కలు పది లక్షలు కలవాలి మరి. హోమం పొగ మేఘాల్ని కురిపిస్తుందని శాస్త్రం పేరు చెప్పి వాదించేవాళ్ళు ఈ లెక్క చూడాలి. కప్పలకి పెళ్ళి చేసేవాళ్ళే నయం, గాలిలో పొగైనా కలపరు.

ఇక ఓజోన్. ఏసీల్లో, ఫ్రిజ్‌లలో వాడిన క్లోరోఫ్లోరోకార్బన్లు అనే వాయువులు ఏ ఊళ్ళో కారినా ఒకటే, దశాబ్దాల తరబడి చెక్కుచెదరక భూగోళమంతా కలిసిపోతాయి. పైకి చేరాక అతినీలలోహిత కిరణాలకి విరిగి క్లోరిన్ వదులుతాయి. ఆ క్లోరిన్‌లో చాలాభాగం హైడ్రోజన్ క్లోరైడు, క్లోరిన్ నైట్రేటు అనే రెండు సాధు రూపాల్లో బందీ అయిపోతుంది. వాయువులుగా ఉన్నంతసేపూ ఆ రెండూ ఒకదాని జోలికి ఒకటి పోవు. వాటికీ ఒక నలుసు కావాలి. అంటార్కిటికా చలికాలపు చీకట్లో సుడిగాలి గోడ కట్టి లోపలి గాలిని బయటికి కలవనివ్వదు. వేడి సున్నాకి దిగువన 78 డిగ్రీలు దాటాక నైట్రిక్ ఆమ్లం, నీరు కలిసి అక్కడి గంధకామ్లపు నలుసుల మీద మబ్బు కడతాయి. ఆ నలుసుల మీద రెండు బందీలూ కలుసుకుని క్లోరిన్ వాయువు వదులుతాయి. పెద్ద నలుసులు నైట్రిక్ ఆమ్లాన్ని మోసుకుని కిందికి దిగిపోతాయి కనుక క్లోరిన్‌ని మళ్ళీ బంధించే నైట్రోజన్ డయాక్సైడు మిగలదు. సెప్టెంబరులో సూర్యుడు రాగానే క్లోరిన్ విడిపోయి ఓజోన్‌ని తింటుంది. పుట్టిన క్లోరిన్ మోనాక్సైడు అణువులు జంటకట్టి, వెలుగుకి విరిగి, క్లోరిన్‌ని మళ్ళీ పనిలోకి దింపుతాయి. బ్రిటిష్ శాస్త్రవేత్త జో ఫార్మన్ బృందం చిల్లుని 1985లో ప్రకటిస్తే, మరుసటేడే ఆ మబ్బుల్ని వేలెత్తి చూపినవారిలో అమెరికా శాస్త్రవేత్త సూసన్ సాలమన్ ముందున్నారు.

చురుకైన పిల్ల ఇక్కడ ఇంకో ప్రశ్న వేయాలి. విశాఖ మీద కూడా దాదాపు 17 కిలోమీటర్ల ఎత్తున చలి సున్నాకి దిగువన 80 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది కదా? ఉంటుంది. కానీ అక్కడి గాలి కిందినుంచి కొత్తగా వచ్చింది. అందులో క్లోరోఫ్లోరోకార్బన్లు ఇంకా విరగలేదు. ఓజోన్ దట్టంగా ఉండేది ఇంకా పైన, అక్కడ గాలి వెచ్చబడుతూ పోతుంది.

నలుసు మంచుదే కానక్కర్లేదు. 1991లో ఫిలిప్పీన్స్‌లోని పినతూబో అగ్నిపర్వతం చిమ్మిన గంధకం నింగిలో ఆమ్లపు తుంపర్లయింది. భూమి అర డిగ్రీ చల్లబడింది, తర్వాతి రెండేళ్ళూ ధ్రువాలకి దూరంగా కూడా ఓజోన్ తగ్గింది. భూమిని చల్లబరచడానికి విమానాలతో పైన గంధకం చల్లుదామనే వాళ్ళని మొదట నిలదీసేది ఓజోన్ లెక్కలు చూసేవాళ్ళే.